బ్రోచర్‌లో పదిహేను చోట్ల ‘గ్రీన్’ అని ఉంది, ఒక్కదానికీ అర్థం తెలియట్లేదు

సర్జాపుర_సతమతం
నిన్న బెంగళూరు సర్జాపుర రోడ్డులో ఒక ఫ్లాటు చూసొచ్చాం. పక్క ప్రాజెక్టు కంటే చదరపు అడుక్కి 600 ఎక్కువ. ఎందుకయ్యా అంటే "ఇది గ్రీన్ బిల్డింగ్ సార్, ప్రీ-సర్టిఫైడ్ గోల్డ్" అన్నాడు సేల్స్ కుర్రాడు. ఆ తర్వాత గుక్క తిప్పుకోకుండా లో-ఈ గ్లాస్, ఏఏసీ బ్లాకులు, లో-వీఓసీ పెయింటు, ఎస్‌ఆర్‌ఐ కోటింగు, ఎంబాడీడ్ కార్బన్ తక్కువ, నెట్ జీరో రెడీ... నేను తలూపుతూ కూర్చున్నా. మా ఆవిడ మాత్రం "పడమటి బెడ్‌రూములో సాయంత్రం ఎండ ఎంత లోపలికొస్తుంది?" అని ఒక్కటే అడిగింది. దానికి వాడి దగ్గర జవాబు లేదు. బ్రోచర్ తిరగేస్తే ఆకులూ, ఒక పిచ్చుకా ఉన్నాయి.

ఈ మాటలకి అసలు అర్థాలేంటి? వీటిలో మనకి పనికొచ్చేవేవి? 1,650 అడుగులకి 600 చొప్పున దాదాపు పది లక్షలు. ఊరికే రాలేదవి.

గిట్లనే_ఉంటది
పిచ్చుకకే పది లక్షలన్నా. ఆకులు ఫ్రీ.

మండువా_లోగిలి
ఆర్కిటెక్టుని, ఇందిరానగర్‌లో పని. మీ ఆవిడగారు అడిగిందే మొదటి ప్రశ్న. మిగతావన్నీ దాని తర్వాతే.

‘ప్రీ-సర్టిఫైడ్’ అంటే కట్టిన భవనానికి వచ్చిన మార్కులు కావు. గీసిన డిజైన్ చూసి "ఇలాగే కడితే ఇంత వస్తుంది" అని ముందే ఇచ్చే కాగితం. కట్టాక మళ్ళీ పత్రాలన్నీ పెట్టి అసలు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. చాలామంది కొనేవాళ్ళు ఆ రెండో కాగితం అడగనే అడగరు.

ఎవరిచ్చారో కూడా కనుక్కోండి. లీడ్ అమెరికా వాళ్ళది. 40 మార్కులొస్తే పాసు, 50కి సిల్వరు, 60కి గోల్డు, 80కి ప్లాటినం. ఐజీబీసీ మన పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ళు 2001లో పెట్టింది, మకాం హైదరాబాదు. ‘గృహ’ రేటింగు అనేది పరిశోధన సంస్థ టేరి, కేంద్రం పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి తెచ్చింది. దానికి పతకాలు కాదు, నక్షత్రాలు, ఐదు వరకూ. మూడింట్లోనూ మార్కులు రకరకాల వాటికొస్తాయి. సైకిల్ స్టాండుకీ రావచ్చు, బస్టాపు దగ్గరున్నందుకూ రావచ్చు. అందుకే గోల్డ్ వచ్చిన ఇంట్లో కూడా పడమటి గది కాలిపోవచ్చు.

గిట్లనే_ఉంటది
ఆ ఐజీబీసీ వాళ్ల హైదరాబాద్ బిల్డింగు మా కొత్తగూడ దిక్కే. 2004ల కలాం సారు వచ్చి ఓపెన్ చేసిండు. అమెరికా బయట మొదటి లీడ్ ప్లాటినం అదేనంట. గుండ్రంగ ఉంటది, నడిమిట్ల ఖాళీ జాగ, గాలి మస్తు. మా తాత ఇల్లు గూడ నడిమిట్ల అట్లనే ఖాళీగ ఉంటుండె, దానికి ఎవ్వడు ప్లాటినం ఇయ్యలే.

లెక్కల_మాస్టారు
రిటైరయ్యాక రామమూర్తి నగర్‌లో 30×40 సైటులో ఇల్లు కట్టిస్తున్నాను. ఏడాదిగా ఇదే చదువు. మాటలకి మోసపోకండి, ప్రతి మాట వెనకా ఒక అంకె ఉంటుంది, అది అడగండి.

గోడకి యు-వ్యాల్యూ. బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరులోంచి ఎన్ని వాట్ల వేడి దాటుతుందన్నది ఆ అంకె. తక్కువుంటే మంచిది. మామూలు ఒంటిపొర అద్దానికి 5.7 దగ్గర. రెండు వైపులా ప్లాస్టరింగు చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకి 2 పైచిలుకు. ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకు గోడకి 0.8 చుట్టుపక్కల. అంటే ఇటుక గోడ దాటే వేడిలో సగం కూడా ఏఏసీ గోడ దాటదు. మీ బ్రోచర్‌లో ఆ ముక్క అబద్ధం కాదు.

కడప_బండ
మాస్టారూ, లెక్క కరెక్టే సామీ, కానీ ఆ బ్లాకులు పేర్చేటోని చెయ్యి కూడా సూడాల. నేను పద్దెనిమిదేండ్లుగా బెంగళూర్లో కాంట్రాక్టు పని చేస్తాండా. ఏఏసీ అంటే లోపలంతా గాలి బుడగలు, తేలిక. ఇటుక గోడ ఘనపు మీటరు 1,800 కిలోలుంటే ఇది 600 కిలోలు. బరువు తగ్గితే ఇనుప కంబీ తగ్గుతాది, బిల్డరుకి అది లాభం. మీకు గ్రీన్, ఆయనకి మిగులు. తప్పేం లేదులే. కానీ తడి బ్లాకులు తెచ్చి ఆదరాబాదరాగా పేర్చి ప్లాస్టరింగు చేస్తే ఆర్నెల్లకి గోడంతా పగుళ్ళే. టీవీ తగిలిచ్చాలంటే మామూలు మేకు నిలవదు, దానికి వేరే యాంకరు కావాల.

సర్జాపుర_సతమతం
అదన్నమాట. ఇప్పుడున్న అద్దె ఇంట్లో మేకు కొడితే గోడ బిస్కెట్టులా రాలింది, ఓనరు నన్ను తిట్టాడు.

వేళచ్చేరి_వాసి
చెన్నై నుంచి. మాస్టారూ, బెంగళూరుకి మందపాటి గోడ కూడా మంచిదే కదా? పగలు వేడి పీల్చుకుని రాత్రి వదిలేస్తుంది, మీకు రాత్రి చల్లగాలి ఉంటుంది. మాకు రాత్రి పదకొండుకి కూడా బయట 30 డిగ్రీలు, పైన ఉక్క. పాత తొమ్మిదంగుళాల గోడ పొయ్యి మీంచి దించిన పెనంలా మంచం పక్కన నిలబడి ఉంటుంది. ఒకే బ్రోచర్‌ని రెండు ఊళ్ళలో పంచుతారు ఈ బిల్డర్లు.

మండువా_లోగిలి
వేళచ్చేరి గారు భలే పట్టుకున్నారు. దాన్నే థర్మల్ మాస్ అంటారు. బిల్డింగ్ కోడ్ లెక్కలో బెంగళూరు సమశీతోష్ణం, చెన్నై ఉక్కబోత. ఊరు మారితే సరైన జవాబు కూడా మారుతుంది. మీ దగ్గర వేడి లోపలికి రాకుండా నీడ పట్టడం, గాలి ఆడనివ్వడం, ఈ రెండే.

ఇళ్ళ కోసం కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత అని తెచ్చింది. అందులో ఆర్ఈటీవీ అని ఒక అంకె ఉంది. గోడలు, కిటికీలు, నీడలు, దిక్కులు అన్నీ కలిపి భవనం ఒంటి మీదినుంచి లోపలికి చేరే వేడి, చదరపు మీటరుకి సగటున 15 వాట్లు దాటకూడదు. పైకప్పు యు-వ్యాల్యూ 1.2 దాటకూడదు. మాస్టారు గారి లెక్కలో చెప్పాలంటే ఉత్త కాంక్రీటు స్లాబుకి అది 3 దాటుతుంది. సతమతం గారూ, మీ సేల్స్ అబ్బాయిని వేరే ఏమీ అడక్కండి. "ఆర్ఈటీవీ ఎంత, లెక్క కాగితం చూపించండి" అనండి.

అదే సంహితలో ఇంకో అంకె. తెరుచుకునే కిటికీలూ తలుపుల వైశాల్యం బెంగళూరులో కార్పెట్ ఏరియాలో (ఇంటి లోపల వాడుకునే నేలలో) ఎనిమిదో వంతు, చెన్నైలో ఆరో వంతు ఉండాలి. *తెరుచుకునే* అన్నాను. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే.

సర్జాపుర_సతమతం
మా 1,650లో కార్పెట్ 1,100. ఎనిమిదో వంతంటే 137 అడుగులు. మోడల్ ఫ్లాటులో అన్నీ స్లైడింగే. ఇప్పుడే నోట్స్ రాసుకుంటున్నా.

గిట్లనే_ఉంటది
కిటికీ తెరిస్తే సర్జాపుర రోడ్డు దుమ్ము. మళ్ల మూస్తరు, ఏసీ పెడతరు. గ్రీన్ బిల్డింగ్ల గ్రీన్ ఏసీ.

లెక్కల_మాస్టారు
దిక్కుల మాటొచ్చింది కాబట్టి. మా వాస్తు బావమరిది "ఉత్తరం కిటికీకి ఎండ రాదు" అన్నాడు. ఢిల్లీలో దాదాపు నిజమే. బెంగళూరు, చెన్నై రెండూ 13 డిగ్రీల అక్షాంశం మీదున్నాయి. ఏప్రిల్ ఆఖరి వారంలో ఒకరోజు, ఆగస్టు మూడో వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళకిందికి వచ్చేస్తుంది. ఆ రెంటికీ మధ్య మూడున్నర నెలలకు పైగా మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు. మే నెలలో ఉత్తరపు కిటికీకి కూడా చిన్న సజ్జ కావాలి. బావమరిది నాతో మాట్లాడ్డం మానేశాడు.

మండువా_లోగిలి
మాస్టారూ 😂 కానీ ఉత్తరానికీ దక్షిణానికీ సజ్జ సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఎండ పైనుంచి పడుతుంది. పడమరకి సరిపోదు. సాయంత్రం నాలుగింటికి సూర్యుడు ఏటవాలుగా, సూటిగా మొహం మీదికొస్తాడు. అక్కడ నిలువు పలకలో, జాలీయో, వెదురు తడకో, ఆఖరికి ఒక వేపచెట్టో కావాలి. ఏడో అంతస్తులో వేపచెట్టు కుదరదు కాబట్టి బాల్కనీ.

లో-ఈ అద్దం ఇక్కడే పనికొస్తుంది. అద్దం మీద కంటికి కనపడని లోహపు పూత ఉంటుంది. ఎస్‌హెచ్‌జీసీ అనే అంకె అడగండి. మామూలు అద్దానికి 0.8, అంటే ఎండ వేడి వంద పాళ్ళుంటే ఎనభై లోపలికి. మంచి లో-ఈ జంట అద్దానికి 0.3 లోపు. కానీ మరీ చవకవాటిలో వేడితోపాటు వెలుతురూ ఆగిపోతుంది, పగలే లైటు వెయ్యాలి. కరెంటు మిగిల్చి కరెంటు ఖర్చుపెట్టినట్టు. నన్నడిగితే అద్దం లోపలి మందు, నీడ బయటి మందు. వేడిని అద్దం దాకా రానివ్వకపోవడమే చవక.

ట్యాంకర్_బాధితురాలు
ఎస్‌ఆర్‌ఐ గురించి ఎవరూ చెప్పలేదు. మా టెర్రస్‌కి ఆ తెల్ల పూత వేయించాం కాబట్టి తెలుసు. నల్లటి ప్రామాణిక ఉపరితలానికి 0, తెల్లదానికి 100. ఎండని తిప్పికొట్టడం, మిగిలిన వేడిని గాల్లోకి వదిలెయ్యడం, రెంటికీ కలిపి మార్కు. పై అంతస్తు వాళ్ళకి నిజంగానే తేడా తెలిసింది. రెండేళ్ళకి దుమ్ము పట్టి బూడిద రంగయింది, ఇప్పుడు కడగాలంటే నీళ్ళు లేవు. సతమతం గారిది ఎన్నో అంతస్తు?

సర్జాపుర_సతమతం
19లో ఏడోది.

ట్యాంకర్_బాధితురాలు
అయితే ఆ పూత పంతొమ్మిదో అంతస్తు వాళ్ళ కోసం మీరిచ్చే చందా.

వేళచ్చేరి_వాసి
మా మైలాపూర్ పాత ఇంటికి మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద ఇటుకల్ని సున్నంలో నిలబెట్టి పేర్చేవాళ్ళు. ఏటా వేసవికి ముందు పైన సున్నం కొట్టించేది అమ్మమ్మ. ఎస్‌ఆర్‌ఐ అంటే ఆవిడకేం తెలుసు.

కడప_బండ
మా ఊర్లో మిద్దెల పైన చౌడు మన్ను ఏసేటోళ్ళు. వాన ఇంకదు, ఎండ దిగదు. కాకపోతే ఏటేటా ఎయ్యాల. ఆ ‘ఏటేటా’ అనేది ఎవురికీ ఇష్టం లేదిప్పుడు, అందుకే పొయ్యింది. మట్టి తప్పు కాదు.

చిన్నారి_అమ్మ
లో-వీఓసీ గురించి నేను చెప్తా, ఎందుకంటే పాపకి ఆయాసం. రంగుల్లో, జిగురుల్లో ఉండే రసాయనాలు మామూలు వేడికే ఆవిరై గాల్లో కలుస్తాయి, అవే వీఓసీలు. కొత్త ఇంటి వాసన అని మురిసిపోతాం చూడండి, అది చాలావరకూ ఇదే. ‘వాసన రాని పెయింటు’ వేరు, ‘లో-వీఓసీ’ వేరు, డబ్బా మీద లీటరుకి ఎన్ని గ్రాములో చదవండి. ఇంకో సంగతి, బిల్డరు గోడకి మంచి రంగు వేస్తాడు, తర్వాత మనమే వెళ్ళి చవక ప్లైవుడ్‌తో వార్డ్‌రోబులు చేయిస్తాం. ఆ జిగురులోంచి ఫార్మల్డిహైడ్ నెలల తరబడి వస్తూనే ఉంటుంది. అది తక్కువ వదిలే గ్రేడు, ఈ-జీరోనో ఈ-వన్నో, అడిగి తీసుకోండి. మేం అడగలేదు.

గిట్లనే_ఉంటది
ఎంబాడీడ్ కార్బన్ అంటే ఏందో ఎవరన్న చెప్పండ్రి. మా గల్లీల మంచిగున్న పన్నెండేండ్ల బిల్డింగు కూలగొట్టి గ్రీన్ బిల్డింగు కడుతుండ్రు. ఆ కూలిందాని కార్బన్ ఎవని ఖాతల రాస్తరు?

మండువా_లోగిలి
ఎవరి ఖాతాలోనూ రాయరు, అదే చిక్కు. మీరు ఇంట్లోకి దిగి స్విచ్చి వెయ్యకముందే సిమెంటు, కంబీ, అద్దం, లారీల డీజిలు రూపంలో గాల్లోకి పోయింది ఎంబాడీడ్ కార్బన్. తర్వాత కరెంటు వాడకంతో పోయేది ఆపరేషనల్. రెండోది సోలారు పెట్టి తగ్గించుకోవచ్చు. మొదటిది పోయిందంటే పోయినట్టే.

ఏమీ కలపని మామూలు సిమెంటు టన్నుకి ముప్పాతిక టన్ను పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందులో ఎక్కువ భాగం బట్టీ మంట వల్ల కాదు. సున్నపురాయి కాలి సున్నంగా మారేటప్పుడు రాయిలోంచే వస్తుంది. ఫ్యాక్టరీ మొత్తం సోలారుతో నడిపినా అది ఆగదు. అందుకే సిమెంటులో క్లింకర్ (అలా కాల్చి తీసిన గడ్డలు) తగ్గించి థర్మల్ ప్లాంటు బూడిదో, స్టీలు ఫ్యాక్టరీ స్లాగో కలుపుతారు. మీ బిల్డరు పీపీసీ (అలా బూడిద కలిపిన సిమెంటు) వాడితే ‘తక్కువ ఎంబాడీడ్ కార్బన్’ అని రాసుకుంటాడు. పీపీసీ ఇప్పుడు ప్రతి సిమెంటు కొట్లోనూ దొరుకుతుంది, అదేం ఘనకార్యం కాదు.

కడప_బండ
ముద్దనూరు థర్మల్ బూడిద. మా పొలం మీద పడితే కాలుష్యం, బస్తాలో పడితే గ్రీన్.

సొంతిల్లు కట్టుకునేటోళ్ళకి ఒకమాట. మట్టి దిమ్మెలు సూడండి. ఐఐఎస్‌సీలో 1974లో ఆస్ట్రా అని ఒక విభాగం పెట్టి, మట్టిలో కొంచెం సిమెంటు కలిపి మిషన్లో నొక్కి దిమ్మెలు చేసే పద్ధతి మీద ఏండ్ల తరబడి పన్జేసినారు. కాల్చేది లేదు. కాల్చిన ఇటుక గోడకయ్యే ఇంధనంలో నాలుగో వంతుతో అయిపోతాదని వాళ్ళ లెక్క. కనకపుర రోడ్డులో రెండిండ్లు కట్టినా. సిమెంటు నూటికి ఏడెనిమిది పాళ్ళు. కానీ మన్ను కుదరాల, ఇసక పాలు ఎక్కువుండాల. నల్లరేగడితో చేస్తే ఎండకి చీల్తాది. ఇంకోటి, సజ్జ బాగా బయటికుండాల, వాన గోడని కొట్టకుండా. ఒకింట్లో ఓనరు అందం కోసమని సజ్జ తీయించినాడు. రెండో వానాకాలానికి నాకు ఫోను.

మండువా_లోగిలి
కడప గారూ, మీ ఊరి రాయికి ఇక్కడొక గుడి ఉంది తెలుసా? దోమలూరులో టేరి ఆఫీసు. దక్షిణం పక్క మురుగు కాలువ. గాలి వచ్చేది అటునుంచే, కిటికీ పెడితే కంపు. అందుకని అటు కిటికీలు మానేసి జంట గోడ కట్టి నల్ల కడప బండ తొడిగారు. ఎండకి బండ కాగుతుంది, వెనకాల గాలి వేడెక్కి పైకి పోతుంది, ఆ ఖాళీని నింపడానికి ఉత్తరం వైపు నుంచి శుభ్రమైన గాలి లోపలికొస్తుంది. స్టాక్ ఎఫెక్ట్ అంటే అంతే, మన వంటింటి పొగగొట్టం పని.

కడప_బండ
నల్ల బండ కాగుతాదని మమ్మల్ని తిట్టేటోళ్ళే కానీ మెచ్చుకున్నోళ్ళని ఇప్పుడే సూస్తాండా. సంతోషం మేడమ్.

లెక్కల_మాస్టారు
వాన నీళ్ళ లెక్క చెప్పి నిద్రపోతాను. బెంగళూరు సగటు వాన ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు. నా పైకప్పు 1,000 చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. గుణిస్తే 90,000 లీటర్లు. 15 శాతం వృథా తీస్తే 76,000. మనిషికి రోజుకి 135 లీటర్లు ప్రామాణికం, నలుగురికి 540. అంటే 140 రోజుల నీళ్ళు నా నెత్తిమీదే పడుతున్నాయి. 6,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. ఇక్కడ కొత్తగా కట్టేవాటికి 30×40 నుంచే ఇది తప్పనిసరి. జయనగర్‌లో జలమండలి వాళ్ళ వాన నీటి పార్కు ఉంది, వెళ్ళి చూస్తే అన్ని పద్ధతులూ అక్కడే పెట్టారు.

వేళచ్చేరి_వాసి
మాకు 2003 నుంచే తప్పనిసరి మాస్టారూ. 2019లో చెరువులెండిపోయి బిందెలతో నిలబడ్డాం. మా అపార్టుమెంటులో గొట్టం ఉంది, గుంతా ఉంది. గుంత పూడిపోయి దాని మీద వాచ్‌మన్ కుర్చీ వేసుకున్నాడు. తవ్వించాక వరసగా రెండు వానాకాలాలకి బోరులో ఉప్పదనం తగ్గింది. 

ట్యాంకర్_బాధితురాలు
సతమతం గారూ, అద్దాలూ పూతలూ పక్కనపెట్టి ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) చూడండి. మాది కూడా ‘గ్రీన్’ అపార్టుమెంటే, ఇంకోవైపు, పేరొద్దు. ‘జీరో డిశ్చార్జ్’ అన్నారు. అంటే మురుగు బయటికి పోదు, శుద్ధి చేసి ఫ్లష్‌కీ చెట్లకీ వాడతారు. దానికి రెండు వరసల గొట్టాలు, డ్యూయల్ ప్లంబింగ్. వినడానికి బంగారం.

అప్పగించిన ఆరో నెల ఆపరేటరు మానేశాడు. బ్లోయర్ రాత్రిళ్ళు ఆపేసేవాళ్ళు, కరెంటు బిల్లు తగ్గించాలని. మురుగుని తినే సూక్ష్మజీవులకి గాలాడక అవి చచ్చిపోయాయి. పొద్దున్నే ఫ్లష్ నొక్కితే పసుప్పచ్చ నీళ్ళు, వాసన. జనం ఆ లైను మూయించేసి మంచినీళ్ళే ఫ్లష్‌కి కలిపించుకున్నారు. తర్వాత 2024 మార్చి. బోర్లు ఆగిపోయాయి, కుళాయిలకి నీటి ధార తగ్గించే ఏరేటర్లు పెట్టమని జలమండలి ఆదేశాలు, ట్యాంకరు కోసం కమిటీలో కొట్లాటలు. ఆ నెల నేను సెక్రటరీని. మా గోడ మీద సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది, దాని కిందే నిలబడి ట్యాంకరు వాడితో బేరమాడాను.

ఆపరేటరుని మార్చాం, గాలి రోజంతా ఆడేలా పెట్టాం. ఆరు వారాలకి నీళ్ళు తేటపడ్డాయి. ఇప్పుడు బాగుంది. పెద్ద మిషన్ లోపం ఏమీ లేదు, నెలకి ఎనిమిది వేలు మిగుల్చుకోబోయి తెచ్చుకున్న గోల.

చిన్నారి_అమ్మ
అక్కా, ఆ ఫ్రేము ఫోటో పెట్టవూ 😀

సర్జాపుర_సతమతం
నెట్ జీరో రెడీ ఒక్కటి మిగిలింది.

లెక్కల_మాస్టారు
నిద్ర రాలేదు. నెట్ జీరో అంటే ఏడాదిలో వాడినంత కరెంటు అక్కడే పుట్టించడం. మీ టవరులో అంతస్తుకి ఎనిమిది ఫ్లాట్లనుకుంటే 152. పైకప్పు 12,000 అడుగులనుకుందాం. తలా 79 అడుగులు, ట్యాంకులూ లిఫ్టు గదీ పోకముందే. కిలోవాటుకి సుమారు 100 అడుగులు కావాలి, రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయి. మీ వాటాకి మూడు. మీ ఇంట్లో రోజుకి మూడు యూనిట్లతో సరిపెట్టుకుంటే నెట్ జీరోనే. ‘రెడీ’ అంటే తీగలు పోవడానికి గొట్టం వేసి ఉంచారని.

గిట్లనే_ఉంటది
200 యూనిట్లు ఫ్రీ ఉన్న రాష్ట్రంల సోలారు ఎవడు పెడతడు మాస్టారూ.

లెక్కల_మాస్టారు
నేను పెడుతున్నాను. కేంద్రం మూడు కిలోవాట్లకి 78,000 ఇస్తోంది. లాభం అని అనను. మా మనవడికి మీటరు వెనక్కి తిరగడం చూపించాలని.

కడప_బండ
ఇప్పుడొచ్చేవన్నీ డిజిటల్ మీటర్లు సామీ, వెనక్కి తిరగవు. అంకెలే మారతాయి.

లెక్కల_మాస్టారు
ఆ సంగతి వాడికి చెప్పకు.

సర్జాపుర_సతమతం
ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఆర్ఈటీవీ అడిగితే "టెక్నికల్ టీమ్ మెయిల్ చేస్తుంది సార్" అన్నాడు. స్లైడింగ్ కిటికీల లెక్క చెప్తే క్యాలిక్యులేటర్ తీసి మళ్ళీ లోపల పెట్టేశాడు. ఎస్‌టీపీ చూపించమంటే మొదటి ఫేజ్‌కి తీసుకెళ్ళాడు, అది అప్పగించి నాలుగేళ్ళయింది. నిజం చెప్పాలంటే అక్కడ శుభ్రంగా ఉంది, ఆపరేటరు లాగ్‌బుక్కు కూడా చూపించాడు. ఆ ఒక్కటీ చూసి నాకు కొంచెం నమ్మకం కుదిరింది. ఫేజ్ వన్ అసలు సర్టిఫికెట్ కూడా వచ్చింది, సిల్వర్. బ్రోచర్‌లో దానికీ గోల్డ్ అనే ఉంది.

మా ఆవిడ సాయంత్రం నాలుగున్నరకి అక్కడ పడమటి ఫ్లాటు తలుపు తట్టి "ఒక్క నిమిషం బెడ్‌రూము గోడ ముట్టుకోవచ్చా" అని అడిగింది. ఆ ఇంటావిడ తెనాలి వాళ్ళు. గంటసేపు కాఫీ. ఆ గదిని ఆవిడ బట్టలారేసుకోవడానికి వాడుతున్నారట, దుప్పటి గంటలో ఆరిపోతుందట.

ఈశాన్యం మూల ఫ్లాటు అడిగాం. అది ఇంకో 150 ఎక్కువ, ‘వ్యూ’ కోసమట.

గిట్లనే_ఉంటది
పిచ్చుక ఏ ఫ్లాటుల ఉంటదో అడగకపోతివి.